పుర్రె తెరవకుండా వల్కలం పొరలను గుర్తించడం: ఎంఆర్‌ఐ కొలతలు, మెషిన్ లెర్నింగ్ అంచనాలు

మనిషి మెదడు పైభాగమంతటినీ కప్పి ఉండే బూడిదరంగు తొడుగును మస్తిష్క వల్కలం, అంటే కార్టెక్స్ అంటారు. దీని మందం చోటును బట్టి సుమారు 1 నుంచి 4.5 మిల్లీమీటర్ల దాకా మారుతుంది, సగటు 2.5 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ఆ కొద్దిపాటి మందంలోనే నాడీకణాలు ఆరు పొరలుగా అమరి ఉంటాయి. ఏ పొరలో ఏ ఆకారపు కణాలు ఎంత దట్టంగా ఉన్నాయన్నది ప్రాంతాన్ని బట్టి మారుతుంది కాబట్టి, చూపుకు సంబంధించిన ప్రాంతం ఎక్కడ ముగుస్తుందో, కదలికలను నడిపే ప్రాంతం ఎక్కడ మొదలవుతుందో ఆ అమరికను చూసే నిర్ణయిస్తూ వచ్చారు. మరణించిన వ్యక్తి మెదడును పలుచని కోతలుగా కోసి, రంగు అద్ది, మైక్రోస్కోప్ కింద పెడితే ఈ పొరలు కంటికి కనబడతాయి. బతికి ఉన్న మనిషిలో, పుర్రె తెరవకుండా వాటిని గుర్తించడం మాత్రం నేటికీ కష్టసాధ్యంగానే ఉంది. ఎంఆర్‌ఐ యంత్రాలూ మెషిన్ లెర్నింగ్ పద్ధతులూ కలిసి ఆ పనిలో కొంతదూరం వచ్చాయి. అయితే అవి ఇచ్చే పటాల్లో యంత్రం నిజంగా కొలిచింది ఎంత, గణనపద్ధతి పూర్వజ్ఞానంతో పూరించింది ఎంత అన్నది వేరుచేసి చూడాల్సిందే, ఎందుకంటే తెరపై రంగుల పటంగా వచ్చేసరికి ఆ రెండింటికీ తేడా కనిపించదు.

వల్కలంలో పొరలున్నాయన్న తొలి ఆధారం 1776 నాటిది. ఇటలీలోని పార్మాలో వైద్యవిద్యార్థిగా ఉన్న ఫ్రాంచెస్కో జెన్నారి, గడ్డకట్టించిన మెదడును కోసి చూస్తూ, తల వెనుకభాగపు వల్కలంలో సన్నని తెల్లని గీత ఒకటి సాగిపోతున్నట్టు గమనించాడు. 1840లో ఫ్రాన్సుకు చెందిన జూల్ బయ్యార్జే తెలుపు, బూడిద రంగుల పొరలు ఒకదాని తర్వాత ఒకటిగా మొత్తం ఆరు ఉన్నాయని వర్ణించాడు. కణాలకు మాత్రమే అంటుకునే రంగులు అందుబాటులోకి వచ్చాక, జర్మనీకి చెందిన కోర్బినియన్ బ్రాడ్‌మన్ 1909లో ప్రచురించిన పటం ప్రాంతాలకు సంఖ్యలు ఇచ్చింది. నాడీవైద్యులు ఇప్పటికీ ఆ సంఖ్యలతోనే మాట్లాడుకుంటారు.

పొరల మధ్య పనివిభజన ఉండటం వల్లనే వాటిపై ఇంత ఆసక్తి. మెదడు మధ్యలో ఉండే థాలమస్ అనే భాగం నుంచి వచ్చే ఇంద్రియ సమాచారంలో ఎక్కువభాగం నాలుగో పొరకు చేరుతుంది. రెండు, మూడు పొరల కణాలు ప్రధానంగా వల్కలంలోని ఇతర ప్రాంతాలతో సంబంధాలు నెరపుతాయి. ఐదో పొర వెన్నుపాముకూ, మెదడు లోతు భాగాలకూ ఆదేశాలు పంపుతుంది. ఆరో పొర తిరిగి థాలమస్‌తో మాట్లాడుతుంది. ప్రాథమిక దృష్టి వల్కలంలో నాలుగో పొర ఎంత విస్తరించి ఉంటుందంటే దాన్ని మళ్లీ ఉపపొరలుగా విభజించాల్సి వచ్చింది. జెన్నారి చూసిన తెల్లని గీత ఉన్నది అందులోనే. కదలికల ప్రాంతంలో మాత్రం పెద్దవారిలో నాలుగో పొర విడిగా గుర్తించలేనంత పలుచగా ఉంటుంది, ఐదో పొరలో బెట్జ్ కణాలనే భారీ నాడీకణాలు ఉంటాయి. ‘ఆరు పొరలు’ అన్నది ఒక సాధారణ నమూనా మాత్రమే. ప్రతిచోటా ఆరింటినీ వెతికి చూపించే ప్రోగ్రాం ఏదైనా కొన్నిచోట్ల లేనిదాన్ని చూపిస్తున్నట్టే లెక్క.

ఇక యంత్రం పరిమితులు. ఎంఆర్‌ఐ చిత్రం వాక్సెల్ అనే చిన్న ఘనాలతో కూర్చినది. ఆసుపత్రుల్లో తీసే మేలురకం స్కాన్‌లో వాక్సెల్ భుజం సుమారు 1 మిల్లీమీటరు ఉంటుంది, అంటే వల్కలం మందమంతా రెండు మూడు వాక్సెళ్లలో ఇమిడిపోతుంది. భుజాన్ని అర మిల్లీమీటరుకు తగ్గిస్తే ఘనపరిమాణం ఎనిమిదో వంతు అవుతుంది, దాని నుంచి వచ్చే సంకేతమూ ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పదేపదే స్కాన్ చేసి సగటు తీయడం ద్వారా రొదను, అంటే సంకేతంలో కలిసే అవాంఛిత హెచ్చుతగ్గులను తగ్గించవచ్చు గానీ, ఆ లాభం స్కాన్ కాలానికి వర్గమూలం లెక్కన మాత్రమే పెరుగుతుంది. పోయిన ఎనిమిది రెట్లనూ రాబట్టుకోవాలంటే 64 రెట్ల సమయం కావాలి. పది నిమిషాల స్కాన్ కాస్తా పది గంటలు దాటిపోతుంది. అంతసేపు ఏ మనిషీ కదలకుండా పడుకోలేడు. పడుకున్నా, ప్రతి గుండె చప్పుడుతో పాటు మెదడే మిల్లీమీటరులో కొంతవంతు కదులుతూ ఉంటుంది.

అయస్కాంత క్షేత్రాన్ని పెంచితే సంకేతం బలపడుతుంది. ఆ క్షేత్రం బలాన్ని టెస్లాల్లో కొలుస్తారు. ఆసుపత్రుల్లో సాధారణంగా ఉండేవి 1.5, 3 టెస్లాల యంత్రాలు. 7 టెస్లాల యంత్రానికి అమెరికాలో వైద్య వినియోగానికి తొలి అనుమతి 2017లో వచ్చింది. జర్మనీలోని మాగ్డెబర్గ్ పరిశోధకులు అదే ఏడాది, తల కదలికను ఎప్పటికప్పుడు సరిదిద్దుకునే ఏర్పాటుతో ఒకే వ్యక్తిని పలుమార్లు స్కాన్ చేసి, 0.25 మిల్లీమీటర్ల వాక్సెళ్లతో మొత్తం మెదడు చిత్రాన్ని విడుదల చేశారు. ఫ్రాన్సులోని సాక్లేలో ఉన్న 11.7 టెస్లాల ‘ఇజూల్ట్’ యంత్రం 2024లో నాలుగు నిమిషాల వ్యవధిలో 0.2 మిల్లీమీటర్ల స్పష్టతతో మనుషుల మెదడు చిత్రాలను ఇచ్చింది. ఈ సంఖ్యను జాగ్రత్తగా చదవాలి: 0.2 మిల్లీమీటర్లు కోత తలంలోనే, కోత మందం మాత్రం 1 మిల్లీమీటరు. కోతకు నిలువుగా ఉన్న చోట్ల వల్కలం పొరలు ఆ స్పష్టత వల్ల లాభపడతాయి, మడత వాలుగా తిరిగిన చోట పక్కపక్క పొరలు ఒకే వాక్సెల్‌లో కలిసిపోతాయి. మనిషి వల్కలంలో మూడింట రెండు వంతుల దాకా మడతల లోపలే దాగి ఉంటుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. పోలిక కోసం చెప్పాలంటే, 2019లో అమెరికా పరిశోధకులు ప్రచురించిన, మరణించిన 58 ఏళ్ల మహిళ మెదడు చిత్రానికి 0.1 మిల్లీమీటర్ల స్పష్టత సాధించడానికి సుమారు 100 గంటల స్కాన్ అవసరమైంది.

స్పష్టత ఒక్కటే సమస్య అయి ఉంటే అయస్కాంతాలను పెంచుకుంటూ పోతే సరిపోయేది. అసలు చిక్కు అంతకన్నా లోతైనది. బ్రాడ్‌మన్ చూసింది కణాల ఆకారాన్ని, సాంద్రతను. ఎంఆర్‌ఐ కణాలను చూడదు. నీటి అణువుల్లోని హైడ్రోజన్ కేంద్రకాలు అయస్కాంత క్షేత్రంలో కదిలించబడి తిరిగి కుదుటపడే వేగాన్ని అది కొలుస్తుంది. వల్కలంలో ఆ వేగాన్ని ప్రధానంగా నిర్ణయించేవి రెండు: నాడీతంతువులను చుట్టి ఉండే మైలిన్ అనే కొవ్వు తొడుగు, కణజాలంలోని ఇనుము. ఈ రెండూ పొరలను బట్టి మారే మాట నిజమే గానీ, వాటి హద్దులు కణసాంద్రత హద్దులతో సరిగ్గా ఏకీభవించవు. మైలిన్ పట్టీ ఒకటి రెండు కణపొరల్లోకి వ్యాపించి ఉండవచ్చు. రెండు వేర్వేరు కణపొరల్లో మైలిన్ దాదాపు సమానంగా ఉండవచ్చు. కాబట్టి ‘ఎంఆర్‌ఐలో మూడో పొర కనబడింది’ అనే వాక్యంలో ఒక ఊహ దాగి ఉంది. కనబడింది మైలిన్ మార్పు. దాని నుంచి మూడో పొరను ఊహించారు.

ఊహ అక్కర్లేకుండా నేరుగా కనబడేవాటిలో అన్నిటికన్నా బలమైనది జెన్నారి గీతే. దానిలో మైలిన్ అంత దట్టంగా ఉంటుంది కాబట్టి, బతికి ఉన్నవారి స్కాన్‌లో కూడా దాన్ని పట్టుకోగలిగారు. 2011లో జర్మనీలోని లైప్‌జిగ్ పరిశోధకులు ఈ సామర్థ్యాన్ని ఒక మంచి ప్రశ్నకు వాడుకున్నారు: పుట్టుకతోనే చూపులేనివారిలో ఈ గీత ఉంటుందా? కంటి నుంచి వచ్చే సంకేతాల వల్లే ఈ మైలిన్ పట్టీ ఏర్పడేదైతే వారిలో అది లేకపోవాలి. 7 టెస్లాల స్కాన్‌లో వారిలోనూ గీత కనిపించింది. శవపరీక్ష దాకా ఆగకుండా, పుర్రెను తాకకుండా తేలిన ఫలితం ఇది. పొరల చిత్రణ ఎందుకు విలువైనదో చెప్పడానికి ఇంతకన్నా స్వచ్ఛమైన ఉదాహరణ దొరకడం కష్టం.

జెన్నారి గీత లేని మిగతా వల్కలంలో తొలుత చేయగలిగేది లోతును కొలవడం. 1990ల చివర్లో ఆండర్స్ డేల్, బ్రూస్ ఫిషల్ రూపొందించిన ఫ్రీసర్ఫర్ అనే సాఫ్ట్‌వేర్ వల్కలం వెలుపలి తలాన్నీ, దాని కింద ఉండే తెల్లని పదార్థంతో కలిసే లోపలి తలాన్నీ స్కాన్ నుంచి వెలికితీస్తుంది. ఈ రెండు తలాల మధ్య దూరాన్ని సమాన భాగాలు చేస్తే పొరలు వస్తాయని అనుకోవచ్చు, కానీ రావు. వల్కలం మడతపడిన తీరును బట్టి పొరల మందం మారుతుంది: మడత శిఖరం దగ్గర లోపలి పొరలు మందమవుతాయి, వెలుపలి పొరలు పలుచబడతాయి, మడత అడుగున దీనికి విరుద్ధంగా ఉంటుంది. మందం మారినా ప్రతి పొరా ఆక్రమించే ఘనపరిమాణపు నిష్పత్తి మాత్రం స్థిరంగా ఉంటుందని 1929లోనే ఎస్. టి. బోక్ చూపాడు. ఆ సూత్రం ఆధారంగా గీసిన లోతు తలాలు మైలిన్ పట్టీలతో మెరుగ్గా సరిపోతున్నాయని 2014లో లైప్‌జిగ్ బృందం నిరూపించింది. పాత సూక్ష్మదర్శిని పరిశీలన ఒకటి ఎనభై ఐదేళ్ల తర్వాత కంప్యూటర్ గణనకు పునాది కావడం ముచ్చటైన విషయం. అయినా ఇలా గీసినవి లోతు తలాలే, పొరల హద్దులు కావు. ఏ లోతులో ఏ పొర ఉందో చెప్పాలంటే కణాలను చూసిన ఆధారం ఒకటి కావాలి.

ఆ ఆధారాన్ని ఇచ్చింది బిగ్‌బ్రెయిన్. జర్మనీలోని యూలిష్ పరిశోధన కేంద్రం, కెనడాలోని మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్ కలిసి, మరణించిన 65 ఏళ్ల వ్యక్తి మెదడును 20 మైక్రోమీటర్ల మందంతో 7,404 కోతలుగా కోసి, రంగు అద్ది, స్కాన్ చేసి, చిరుగులనూ ముడతలనూ సరిదిద్ది, తిరిగి త్రిమితీయ రూపంగా కూర్చి 2013లో విడుదల చేశాయి. ఒక్కొక్క వాక్సెల్ భుజం 20 మైక్రోమీటర్లు, అంటే ఆసుపత్రి స్కాన్‌లోని ఒకే ఒక్క వాక్సెల్ స్థానంలో ఇక్కడ లక్షా పాతిక వేల వాక్సెళ్లు ఉంటాయి. ఇంత విస్తారమైన వల్కలం మీద ఆరు పొరల హద్దులనూ చేత్తో గీయడం అసాధ్యం. అక్కడే మెషిన్ లెర్నింగ్ రంగంలోకి వచ్చింది. ఎంచుకున్న కొన్ని ప్రాంతాల్లో నిపుణులు చేత్తో హద్దులు గీశారు. వెలుపలి తలం నుంచి లోపలి తలం దాకా కణసాంద్రత ఎలా పెరిగి తగ్గుతుందో చూపే రేఖలను, ఉదాహరణల నుంచి ఆనవాళ్లను నేర్చుకునే కన్వల్యూషనల్ న్యూరల్ నెట్‌వర్క్ అనే ప్రోగ్రాంకు చూపి, హద్దులను పోల్చుకోవడం నేర్పారు. తర్వాత అదే నెట్‌వర్క్‌తో మొత్తం వల్కలంలో పొరలను గుర్తింపజేశారు. 2020లో వెలువడిన ఆ పటం కొత్త విషయాన్నీ బయటపెట్టింది. చూపు, వినికిడి, స్పర్శ ప్రాంతాల్లో ప్రాథమిక దశ నుంచి పై దశలకు వెళ్లేకొద్దీ వల్కలం మందమవుతుంది. కదలికల ప్రాంతం నుంచి నుదుటి వైపు వెళ్లేకొద్దీ పలుచబడుతుంది. రెండు చోట్లా ఈ మార్పును ప్రధానంగా నడిపేవి మూడు, ఐదు, ఆరు పొరలు. మొత్తం మందాన్ని మాత్రమే కొలిస్తే ఏ పొర వల్ల మార్పు వచ్చిందో ఎప్పటికీ తెలిసేది కాదు.

ఇక్కడ నెట్‌వర్క్ చేసిన పని నమ్మదగినది, ఎందుకంటే అది వెతికిన హద్దు దాని ముందున్న చిత్రంలో నిజంగా ఉంది. తప్పు చేస్తే ఎవరైనా ఆ కోతను తీసి చూడవచ్చు. బతికి ఉన్నవారి ఎంఆర్‌ఐకి ఇదే పద్ధతిని తీసుకువచ్చినప్పుడు పరిస్థితి మారిపోతుంది. వాక్సెల్‌లో పలు పొరలు కలిసిపోయి ఉంటాయి, ఎదురుగా ఉన్న సంకేతం కణాలది కాదు, సరిచూసుకోవడానికి కోత లేదు.

ఈ అగాధాన్ని దాటడానికి భిన్నమైన దారులు వేశారు. టెల్ అవీవ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎంచుకున్న దారి ఆసక్తికరమైనది. స్పష్టతను పెంచడానికి బదులు, సాధారణ స్పష్టతతోనే, సంకేతం కోలుకోవడానికి ఇచ్చే వ్యవధిని మార్చిమార్చి పలు స్కాన్‌లు తీస్తారు. ఒకే వాక్సెల్‌లో వేర్వేరు పొరలు కలిసి ఉన్నా, ఒక్కొక్కటి ఒక్కొక్క వేగంతో కుదుటపడుతుంది కాబట్టి, ఆ మిశ్రమ సంకేతాన్ని గణితపరంగా భాగాలుగా విడగొట్టి, ఏ భాగం ఎంత ఉందో లెక్కిస్తారు. పొర ఎక్కడ ఉందో గీయకుండానే, ఆ చోట ఏ పొర వాటా ఎంతో చెప్పగల పద్ధతి ఇది. ఎక్కువ ఖరీదైన యంత్రం అక్కర్లేదు. దీని బలహీనత కూడా అక్కడే ఉంది: ఫలానా వేగం ఫలానా పొరదే అన్న అన్వయం మెదడంతటా నిలబడాలి. మైలిన్ స్పర్శ, వినికిడి ప్రాంతాల్లో హెచ్చుగా, నుదుటి వెనుక ప్రాంతాల్లో తక్కువగా ఉంటుందని తెలిసినప్పుడు, ఒకచోటి నాలుగో పొర వేగం మరోచోటి ఐదో పొర వేగంతో సమానం కావచ్చునన్న సందేహం తీరదు.

మరో దారి, తక్కువ స్పష్టత గల స్కాన్ నుంచి ఎక్కువ స్పష్టత గల చిత్రాన్ని నెట్‌వర్క్‌తో తయారుచేయించడం. వేల ఉదాహరణలు చూసిన నెట్‌వర్క్‌కు, ఇలాంటి మసక చిత్రం వెనుక సాధారణంగా ఎలాంటి వివరం ఉంటుందో తెలుస్తుంది; ఆ వివరాన్ని అది పూరిస్తుంది. వల్కలం మొత్తం మందం, మెదడు భాగాల పరిమాణం వంటివి లెక్కించడానికి ఇది ఎంతో ఉపయోగపడుతోంది. పొరల విషయంలో మాత్రం దీన్ని అనుమానంతోనే చూడాలి. మసక చిత్రంలో లేని సమాచారం నెట్‌వర్క్ నుంచి వచ్చిందంటే, అది ఆ రోగి మెదడు నుంచి కాక, శిక్షణకు వాడిన ఇతరుల మెదళ్ల నుంచి వచ్చిందన్నమాట. ఆరోగ్యవంతుల సగటుకు దగ్గరగా ఉన్న వ్యక్తి విషయంలో పూరణ సరిగ్గానే ఉంటుంది. పొరల అమరిక చెడిన చోట, అంటే పటం ఎక్కడ అత్యవసరమో అక్కడ, చెడిన అమరిక మీద చక్కని సగటు అమరికను గీసి పెట్టే ప్రమాదం ఉంది.

ఈ ప్రమాదం ఊహాజనితం కాదని మూర్ఛవ్యాధి చెబుతుంది. మందులకు లొంగని మూర్ఛకు, ముఖ్యంగా పిల్లల్లో, ముఖ్య కారణాల్లో ఒకటి ఫోకల్ కార్టికల్ డిస్‌ప్లేసియా. 1971లో డేవిడ్ టేలర్ బృందం తొలిసారి వివరంగా వర్ణించిన ఈ స్థితిలో, గర్భంలో వల్కలం ఏర్పడే దశలో ఒక చిన్న ప్రాంతంలో పొరల కూర్పు తప్పిపోతుంది. కొన్ని రకాల్లో వికృతాకార కణాలు కూడా ఉంటాయి. ఆ భాగాన్ని శస్త్రచికిత్సతో తొలగిస్తే చాలామందికి మూర్ఛలు ఆగిపోతాయి, కానీ ముందు అది ఎక్కడుందో తెలియాలి. నిపుణుల కంటికి కూడా స్కాన్‌లో అది అందకుండా పోవడం తరచుగా జరుగుతుంది. లండన్ కేంద్రంగా నడిచే మెల్డ్ ప్రాజెక్టు 22 మూర్ఛ చికిత్సా కేంద్రాల నుంచి 618 మంది రోగుల, 397 మంది ఆరోగ్యవంతుల స్కాన్‌లు సేకరించి నెట్‌వర్క్‌కు శిక్షణ ఇచ్చింది. 2022లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, శిక్షణలో చూడని రోగుల్లో 67 శాతం మందిలో అది దోషాన్ని గుర్తించింది. ఆరోగ్యవంతుల్లో ఏ దోషమూ లేదని సరిగ్గా చెప్పగలిగింది 54 శాతం మంది విషయంలోనే. అంటే దాదాపు సగం మంది ఆరోగ్యవంతుల్లో లేని దోషాన్ని ఉందని చూపింది. రెండు సంఖ్యలనూ దాచకుండా ప్రకటించడం ఆ బృందం పట్ల గౌరవాన్ని పెంచుతుంది.

గమనించాల్సిన సంగతి ఏమిటంటే, ఈ నెట్‌వర్క్ ఆరు పొరలనూ గీయదు. వల్కలం మందం, బూడిదరంగు పదార్థానికీ తెల్లని పదార్థానికీ మధ్య సంకేతపు తేడా, మడతల లోతు, వేర్వేరు లోతుల్లో సంకేత తీవ్రత వంటి కొలవగలిగిన గుణాలను తీసుకుని, ఏ చోట అవి అసాధారణంగా ఉన్నాయో చెబుతుంది. ఏ గుణం వల్ల అనుమానించిందో కూడా చూపుతుంది. వైద్యుడు ఆ చోటును మళ్లీ పరిశీలించి తీర్పు చెబుతాడు. పొరల పటం అన్న పేరు లేకపోయినా, పొరలు చెడిన చోటును పట్టుకోవడంలో ప్రస్తుతానికి ఇదే నిజాయితీ గల మార్గంగా తోస్తుంది.

పొరలలో జరుగుతున్న పనిని చూడాలన్న ప్రయత్నాలూ సాగుతున్నాయి. సాధారణ ఫంక్షనల్ ఎంఆర్‌ఐ, రక్తంలో ఆక్సిజన్ మార్పును కొలుస్తుంది. లోపలి పొరల నుంచి వచ్చే రక్తం వెలుపలి తలం మీది సిరల్లోకి చేరుతుంది కాబట్టి, కార్యకలాపం ఎక్కడ జరిగినా సంకేతం పైపొరల వైపు ఒరుగుతుంది. రక్త పరిమాణాన్ని కొలిచే వేసో అనే పద్ధతితో లారెంటియస్ హ్యూబర్ బృందం 2017లో, వేళ్ల కదలికకు సంబంధించిన ప్రాంతంలో సమాచారం అందుకునే పైపొరల పనినీ, ఆదేశాలు పంపే లోపలి పొరల పనినీ వేరుచేసి చూపింది. జంతు ప్రయోగాల్లో తెలిసిన పనివిభజన మనిషిలో, మెలకువగా ఉన్నప్పుడే, కనబడింది. అయితే అది వల్కలంలో ఒక చిన్న ముక్కకు పరిమితమైన చిత్రం.

శిక్షణకు వాడిన మెదళ్లు ఎవరివి అన్న ప్రశ్న మన దేశానికి నేరుగా తగులుతుంది. బిగ్‌బ్రెయిన్ ఒక్కరిది. ప్రపంచమంతా వాడే ప్రామాణిక మెదడు నమూనాలు ఎక్కువగా ఐరోపా, ఉత్తర అమెరికా వాసుల స్కాన్‌ల నుంచి వచ్చాయి. హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ పరిశోధకులు, తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ వైద్యులతో కలిసి, 21 నుంచి 30 ఏళ్ల వయసున్న 100 మంది భారతీయుల స్కాన్‌ల నుంచి 2019లో రూపొందించిన నమూనాలో, సగటు భారతీయ మెదడు ఆ పాశ్చాత్య నమూనా కంటే ఎత్తు, వెడల్పు, పరిమాణాల్లో చిన్నదని తేలింది. తెలివితేటలకు దీనితో సంబంధం లేదు. కొలతకు మాత్రం ఉంది. సగటు నుంచి దూరాన్ని బట్టి దోషాన్ని అనుమానించే పద్ధతిలో, ఎవరి సగటు అన్నదే ఫలితాన్ని మార్చగలదు. కోతల వైపు నుంచి చూస్తే, ఐఐటీ మద్రాసులోని సుధా గోపాలకృష్ణన్ బ్రెయిన్ సెంటర్ 2024లో విడుదల చేసిన ‘ధరణి’ గర్భస్థ శిశు మెదడు పటంలో 5,132 కోతల డిజిటల్ చిత్రాలున్నాయి. పొరలు ఇంకా ఏర్పడుతున్న దశను కణాల స్థాయిలో చూపే ఇలాంటి సంపద, పొరల కూర్పు ఎలా తప్పుతుందో అర్థం చేసుకోవడానికి పెద్దవారి మెదడు కోతలకన్నా ఎక్కువగా తోడ్పడవచ్చు.

మూర్ఛ శస్త్రచికిత్స మరో అరుదైన అవకాశాన్ని ఇస్తుంది. బతికి ఉన్న వ్యక్తి స్కాన్‌నూ, అదే వ్యక్తి నుంచి తొలగించిన అదే కణజాలపు కోతలనూ పక్కపక్కన పెట్టి, నెట్‌వర్క్ గీసిన హద్దు నిజమైన హద్దుకు ఎంత దూరంలో ఉందో మైక్రోమీటర్లలో కొలవగలిగేది ఇక్కడే. ఆ పని చెప్పినంత సులువు కాదు. తొలగించిన ముక్క ఏ దిశలో ఉండేదో ఆపరేషన్ గదిలోనే గుర్తుపెట్టాలి. ఫార్మాలిన్‌లో నిల్వ చేస్తే ఎంఆర్‌ఐ సంకేతం మారిపోతుంది, మైనంలో పొదిగితే కణజాలం కుంచించుకుపోతుంది. వీటన్నింటినీ లెక్కలో సరిదిద్దాకే పోలిక మొదలవుతుంది. ఒక్కొక్క రోగి నుంచి దొరికేది కొద్దిపాటి ముక్క, అదీ ఎక్కువగా దోషమున్న భాగం నుంచే. అయినా దోషమున్న కణజాలంలో నెట్‌వర్క్ ఎలా ప్రవర్తిస్తుందన్న ప్రశ్నకు ఆరోగ్యవంతుల స్కాన్‌లు ఎన్ని వేలు చేర్చినా జవాబు రాదు. ఈ కొద్దిపాటి ముక్కల నుంచి వస్తుంది.